రాకడ లెక్కలు, రాజ్యాల ఎత్తులు

యుద్ధం ఎక్కడ మొదలైనా బైబిల్లో దాని ఆనవాళ్ళు వెతికేవాళ్ళు ఉంటారు. ఆ వెతుకులాట ప్రార్థన గదికే పరిమితమైతే అది వాళ్ళ విశ్వాసం. అది రాయబార కార్యాలయాల దాకా, ఆయుధాల దాకా వెళ్తే మాత్రం దాని ప్రభావం ఆ నేల మీద బతికేవాళ్ళందరి మీదా పడుతుంది.

2022 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సాస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలు విమానంలో ఇజ్రాయెల్ చేరాయి. అవి మామూలు పెయ్యలు కావు. ఒంటి మీద ఎరుపు తప్ప మరో రంగు ఉండకూడదు. తెల్లవో నల్లవో రెండు వెంట్రుకలు కనిపించినా పనికిరావు. మెడ మీద ఒక్కసారి కూడా కాడి పడి ఉండకూడదు. అలాంటి పెయ్యను దహించి, ఆ బూడిద కలిపిన నీళ్ళు చల్లితేనే శవాన్ని ముట్టిన మైల పోతుందని సంఖ్యాకాండం 19వ అధ్యాయం చెబుతుంది. మైల పోనిదే యాజకుడు ఆలయ సేవ చెయ్యలేడు. అందుకే యెరూషలేములో మూడో ఆలయం కట్టాలని కోరుకునే యూదు నిష్ఠాపరులకు ముందుగా కావలసింది రాళ్ళూ దూలాలూ కాదు, ఒక ఎర్ర పెయ్య.

కోరుకున్నది వాళ్ళయితే, వెతికి పంపింది మాత్రం అమెరికా క్రైస్తవులు. యేసు సిలువ మరణంతో బలులన్నీ ముగిశాయని నమ్మేవాళ్ళకు ఈ పెయ్యతో పనేమిటి? వాళ్ళ లెక్క ప్రకారం, ఆలయం లేస్తే అంత్యదినాల్లో మిగిలిన మెట్లలో మరొకటి ఎక్కినట్టే. క్రీస్తు విరోధి ఆ ఆలయంలోనే కూర్చుంటాడు, ఆ తర్వాతే క్రీస్తు వస్తాడు. అయితే ఆలయం కట్టాల్సిన చోట ఇప్పుడు అల్ అక్సా మసీదు, బంగారు గుమ్మటం ఉన్నాయి. ముస్లింలకు మక్కా, మదీనాల తర్వాత అంత పవిత్రమైన చోటు మరొకటి లేదు. గాజా యుద్ధం నూరో రోజుకు చేరినప్పుడు, 2024 జనవరిలో, హమాస్ సైనిక ప్రతినిధి తన ప్రసంగంలో ఈ ఎర్ర ఆవుల ప్రస్తావన తెచ్చాడు. టెక్సాస్‌లో గడ్డి మేసిన పెయ్యలు పశ్చిమాసియా యుద్ధప్రసంగంలోకి వచ్చాయి.

ఇలాంటి నమ్మకం చేతల్లోకి దిగితే ఏమవుతుందో 1969 ఆగస్టు 21న ప్రపంచం చూసింది. డెనిస్ మైకేల్ రోహన్ అనే ఆస్ట్రేలియా క్రైస్తవుడు అల్ అక్సా మసీదుకు నిప్పుపెట్టాడు. మసీదు పోతే ఆలయం లేస్తుందని, క్రీస్తు రాకడ దగ్గరపడుతుందని అతని నమ్మకం. సలాదీన్ కాలం నాటి, పన్నెండో శతాబ్దపు చెక్క ప్రసంగ వేదిక ఆ మంటల్లో కాలిపోయింది. రోహన్‌కు మతి స్థిమితం లేదని కోర్టు తేల్చింది. కానీ అప్పటికే ముస్లిం ప్రపంచం అట్టుడికిపోయింది. దాదాపు నెల రోజులకే మొరాకోలోని రబాత్‌లో ముస్లిం దేశాల శిఖరాగ్ర సమావేశం జరిగింది, ఇస్లామిక్ దేశాల సంస్థకు అక్కడే బీజం పడింది. ఆ సమావేశానికి పిలుపు అందుకుని వెళ్ళిన భారత బృందాన్ని పాకిస్తాన్ అభ్యంతరంతో బయట ఉంచారు. ఒక మనిషి ప్రవచన పిచ్చి మన దౌత్యాన్ని కూడా తాకింది.

అందరి నిరీక్షణ, కొందరి కాలపట్టిక

క్రీస్తు తిరిగి వస్తాడన్నది ఏదో ఒక గుంపు నమ్మకం కాదు. కేథలిక్కులు, ఆర్థడాక్సులు, లూథరన్లు, సీఎస్ఐ, బాప్టిస్టులు, పెంతెకొస్తులు అందరూ ఒప్పుకునే మాట అది. చాలా సంఘాలు విశ్వాస ప్రమాణంలో వారం వారం చెప్పుకునే మాట. నేను పెరిగింది కూడా ఆ నిరీక్షణలోనే, దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు. పేచీ అంతా రాకడకు ముందు ఏం జరుగుతుంది, ఏ వరుసలో జరుగుతుంది, ఏ దేశం ఏ పాత్ర పోషిస్తుంది అన్న దగ్గరే మొదలవుతుంది.

ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో వెయ్యేళ్ళ పాలన అన్న మాట ఉంది. తొలి శతాబ్దాల్లో ఇరేనియస్ లాంటి గురువులు అది భూమ్మీద నిజంగా జరిగే పాలనేనని నమ్మారు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ దానికి వేరే అర్థం చెప్పాడు. క్రీస్తు మొదటి రాకకూ రెండో రాకకూ నడుమ సాగే సంఘ కాలమే ఆ వెయ్యేళ్ళని, అది అంకెల లెక్క కాదని అన్నాడు. తర్వాత వెయ్యేళ్ళకు పైగా పశ్చిమ సంఘం ఎక్కువగా ఆ దారిలోనే నడిచింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, పునరుత్థానానికి ముందే భక్తులు లోకాన్ని ఏలుతారన్న బోధను తోసిపుచ్చింది. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలకు ఈనాటికీ అదే ప్రమాణ పత్రం. కేథలిక్ సంఘం కూడా వెయ్యేళ్ళ భూపాలన బోధను అంగీకరించదు.

ఇవాళ యూట్యూబులో, మహాసభల పందిళ్ళలో వినిపించే వరుస మాత్రం వేరు. ముందు సంఘం ఆకాశంలోకి ఎత్తబడుతుంది, తర్వాత ఏడేళ్ళ శ్రమలు, క్రీస్తు విరోధి, హార్‌మెగిద్దోను యుద్ధం, ఆపైన వెయ్యేళ్ళ పాలన. ఈ వరుసకు ఒక రూపమిచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ. 1800లో పుట్టాడు. ఐర్లండులో ఆంగ్లికన్ గురువుగా పనిచేసి, ఆ సంఘాన్ని విడిచి బ్రెదరన్ ఉద్యమంలో ముఖ్యుడయ్యాడు. దేవునికి ఇశ్రాయేలు, సంఘం అని ఇద్దరు వేర్వేరు ప్రజలున్నారని, దానియేలు చెప్పిన డెబ్భై వారాల్లో ఆఖరి వారం ఇంకా రావలసే ఉందని ఆయన బోధించాడు. 1862 తర్వాత పలుమార్లు ఉత్తర అమెరికా వెళ్ళాడు. అంతర్యుద్ధంతో నలిగిపోయిన ఆ దేశంలో, లోకం బాగుపడదు, దిగజారుతూనే పోతుంది అన్న బోధ చెవికెక్కింది.

డార్బీ ఉద్యమంతో తెలుగు నేలకు పాత బంధుత్వమే ఉంది. బ్రెదరన్ తొలి నాయకుల్లో ఒకడైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. మచిలీపట్నంలో కాలుమోపి, తర్వాత నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపారు. 1848లో ఉద్యమం చీలినప్పుడు వీళ్ళది డార్బీ వర్గం కాదు. అయినా కాలక్రమంలో, చరిత్రను యుగాలుగా విడదీసే డార్బీ బోధ ఈ సంఘాల్లోకీ చేరింది. పెంతెకొస్తు ఉద్యమం దాన్ని ఊరూరికీ మోసింది.

అడుగు గీత కింద రాసిన చరిత్ర

డార్బీ ఆలోచనను ఇంటింటికీ చేర్చింది ప్రసంగం కాదు, అచ్చు. సైరస్ స్కోఫీల్డ్ అనే అమెరికన్ బోధకుడు తయారుచేసిన వ్యాఖ్యాన బైబిలును 1909లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. పేజీలో పైన లేఖనం, అడుగున గీత గీసి స్కోఫీల్డ్ వివరణ. ఏళ్ళ తరబడి అదే పుస్తకం చదివినవాళ్ళకు పైన ఉన్న మాట ఎక్కడ ముగిసిందో, కింది మాట ఎక్కడ మొదలైందో తేడా తెలియకుండా పోయింది. యెహెజ్కేలు 38వ అధ్యాయంలో గోగు దండెత్తి వస్తాడని ఉంటే, ఆ గోగు రష్యా అని కింద ఉంది. అక్కడి మెషెకు మాస్కో అయింది, తుబాలు టోబోల్స్క్ అయింది. 1917 విప్లవం వచ్చాక, ఆపైన అణుబాంబు వచ్చాక, ఈ వివరణ అమెరికా విశ్వాసికి కళ్ళెదుట నెరవేరుతున్న ప్రవచనంలా కనిపించింది.

1948 మే 14న ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. 1967లో ఆరు రోజుల యుద్ధంలో పాత యెరూషలేము ఇజ్రాయెల్ చేతికి వచ్చింది. మూడేళ్ళకు, 1970లో, డాలస్ వేదాంత కళాశాలలో చదువుకున్న హాల్ లిండ్సే అంత్యదినాల మీద రాసిన పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడైంది. ఐరోపా ఉమ్మడి మార్కెట్ పది దేశాలకు చేరితే అదే ప్రకటన గ్రంథంలోని పది కొమ్ముల మృగమన్నాడు. 1981లో గ్రీసు చేరి పది అయ్యాయి. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరి పన్నెండు అయ్యాయి. 1948 నుంచి ఒక తరం, అంటే నలభై ఏళ్ళలో, అంతా జరగవచ్చని సూచించాడు. 1988 వచ్చి వెళ్ళింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. అయినా పాఠకులు తగ్గలేదు. 1995లో మొదలైన టిమ్ లహే, జెర్రీ జెన్కిన్స్‌ల నవలల వరుసలో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శే క్రీస్తు విరోధి. పదహారు నవలలు కలిసి ఆరు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. ఐక్యరాజ్య సమితి అన్నా, శాంతి ఒప్పందం అన్నా ఒక తరం అమెరికన్ విశ్వాసులు ఉలిక్కిపడటంలో ఈ నవలల పాత్ర తక్కువేమీ కాదు.

2022లో ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో అడిగితే, అమెరికాలో వయోజనుల్లో 39 శాతం మంది మనం అంత్యదినాల్లోనే ఉన్నామని చెప్పారు. ఇవాంజెలికల్ ప్రొటెస్టంట్లలో అది 63 శాతం. ఓట్లు వేసేది వీళ్ళే. అందుకే నాయకులు ఈ నమ్మకాన్ని పట్టించుకోక తప్పదు.

1984 అక్టోబరులో అధ్యక్ష అభ్యర్థుల చర్చలో రొనాల్డ్ రీగన్‌ను ఒక విలేకరి సూటిగా అడిగాడు: హార్‌మెగిద్దోను నమ్మకం మీ అణు విధానాన్ని నడిపిస్తోందా అని. అది వెయ్యేళ్ళ తర్వాతో, ఎల్లుండో ఎవరికీ తెలియదని, దాన్ని బట్టి ప్రణాళిక వేసుకోవాలని తానెన్నడూ అనలేదని రీగన్ జవాబిచ్చాడు. నాకు ఆ జవాబు కన్నా ప్రశ్నే ముఖ్యంగా కనిపిస్తుంది. వేలాది అణ్వస్త్రాలు చేతిలో ఉన్న మనిషిని జాతి ముందు ఆ ప్రశ్న అడగవలసి వచ్చింది.

జాన్ హేగీ అనే టెక్సాస్ పాస్టర్ 2006లో ఇజ్రాయెల్ కోసం క్రైస్తవుల సంస్థను స్థాపించాడు. తమకు కోటి మంది సభ్యులున్నారని ఆ సంస్థ చెబుతుంది. 2018 మే 14న అమెరికా తన రాయబార కార్యాలయాన్ని యెరూషలేముకు మార్చినప్పుడు ప్రారంభ ప్రార్థన డాలస్ బాప్టిస్టు పాస్టర్ రాబర్ట్ జెఫ్రెస్ చేశాడు, ముగింపు ప్రార్థన హేగీ చేశాడు. అదే రోజు గాజా సరిహద్దు కంచె దగ్గర ఇజ్రాయెల్ సైన్యం కాల్పుల్లో సుమారు 60 మంది పాలస్తీనీయులు చనిపోయారు. రెండేళ్ళ తర్వాత ఒక ఎన్నికల సభలో అధ్యక్షుడు ట్రంప్ దాచుకోకుండా చెప్పాడు, యెరూషలేము నిర్ణయం ఇవాంజెలికల్‌ల కోసమేనని. 2025లో ఇజ్రాయెల్‌కు అమెరికా రాయబారిగా వెళ్ళిన మైక్ హకబీ స్వయంగా బాప్టిస్టు బోధకుడు.

ఇజ్రాయెల్‌ను ప్రేమించే క్రైస్తవులందరినీ ఒకే గాటన కట్టలేం. యూదులను శతాబ్దాల పాటు వెంటాడి హింసించిన ఐరోపా క్రైస్తవ్యం, అరవై లక్షల మంది యూదుల హత్య, దాని తర్వాత కలిగిన అపరాధ భావం చాలామందిని ఆ దేశం వైపు నిలబెట్టాయి. అబ్రాహామును దీవించినవాళ్ళకు దీవెన అన్న ఆదికాండం మాటను మనసారా నమ్మేవాళ్ళు ఉన్నారు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది హతమైనప్పుడు వాళ్ళు కార్చిన కన్నీళ్ళు నిజమైనవే. కానీ డార్బీ కాలపట్టిక చివరిదాకా చదవాలి. శ్రమల కాలంలో యూదుల్లో మూడింట రెండు వంతులు నశిస్తారని, మిగిలినవాళ్ళు క్రీస్తును ఒప్పుకుంటారని చాలామంది అదే నోటితో బోధిస్తారు. ఈ స్నేహంలో స్నేహితుడి కోసం రాసిపెట్టిన ముగింపు అది.

ఒకే లేఖనం, ఎదురెదురు సేనలు

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళగానే అమెరికా టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ విశ్రాంతి నుంచి మళ్ళీ తెర మీదికి వచ్చాడు. దేవుడే పుతిన్‌ను కదిలిస్తున్నాడని, అసలు గురి ఇజ్రాయెల్ అని యెహెజ్కేలును ఆధారం చేసుకుని చెప్పాడు. అంటే పుతిన్ గోగు.

రెండేళ్ళు గడిచాయి. 2024 మార్చిలో మాస్కోలో రష్యన్ ఆర్థడాక్స్ సంఘాధిపతి పేట్రియార్క్ కిరిల్ నాయకత్వంలోని ప్రపంచ రష్యన్ ప్రజా మండలి ఒక పత్రం విడుదల చేసింది. ఉక్రెయిన్ యుద్ధం పవిత్ర యుద్ధమని, దుష్టత్వాన్ని అడ్డగించేవాడి స్థానంలో రష్యా ఉందని అందులో ఉంది. అధర్మ పురుషుణ్ని అడ్డగించేవాడొకడున్నాడని పౌలు థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో ఉంది కదా, అక్కడి నుంచి తెచ్చుకున్న మాట. అమెరికా పటంలో గోగు అయిన దేశం మాస్కో పటంలో దుష్టత్వాన్ని ఆపే దేశమైంది. ఉక్రెయిన్‌లో పూడ్చిపెట్టిన సైనికుల్లో ఇరువైపులా ఆర్థడాక్స్ బాప్తిస్మం పొందినవాళ్ళే ఎక్కువ.

2025లో శాన్ ఫ్రాన్సిస్కోలో పీటర్ థీల్ క్రీస్తు విరోధి మీద వరుస ఉపన్యాసాలిచ్చాడు. సైన్యాలకు, నిఘా సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మే పాలంటీర్ కంపెనీ స్థాపకుల్లో ఆయన ఒకడు. సాంకేతిక పురోగతికి పగ్గం వెయ్యాలని ప్రపంచాన్ని భయపెట్టేవాళ్ళలో ఆయనకు క్రీస్తు విరోధి ఛాయలు కనిపించాయి. వ్యాపారానికి అడ్డొచ్చే నియంత్రణ కూడా ప్రవచనంలో చేరిపోయింది.

ఈ ముగ్గురూ తెరిచింది ఒకే బైబిలు. ఎవరికి వారు తమ శత్రువునే అందులో చూశారు. ఇలాంటి వ్యాఖ్యానంలో బోధకుడి దేశం మృగం కావడం అరుదు. బాగా ప్రచారంలో ఉన్న అమెరికా పటాల్లో వాషింగ్టన్ బబులోనుగా ప్రధానంగా కనిపిస్తే, ఈ వ్యాఖ్యాతల నిజాయితీని నేను మరింత గౌరవించేవాణ్ణి.

తేదీల సంగతీ అంతే. 1844 అక్టోబరు 22న వస్తాడని విలియం మిల్లర్ అనుచరులు వేలాదిగా ఎదురుచూశారు. కొందరు పంట కొయ్యకుండా పొలంలోనే వదిలేశారు. 2011 మే 21న అని రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ఊరూరా బోర్డులు పెట్టించాడు. తేదీ చెప్పడమే పాపమని 2012లో లేఖ రాసి ఒప్పుకున్నాడు, అది ఆయన పెద్దమనసు. 2025 సెప్టెంబరు 23న ఎత్తబడటం ఖాయమని దక్షిణాఫ్రికా బోధకుడొకరు చెప్పిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో యేసే చెప్పాడు. దాన్ని దాటి తేదీ చెప్పేవాడు ఎంత పెద్ద బోధకుడైనా మన సంఘాల్లో ఆయనకు మైకు దొరకకూడదు.

పటాల పందిరి కింద

తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్ళకు ఆ పటం గుర్తుంటుంది. గుడ్డ మీద రంగులేసి పందిరి గుంజలకు కట్టేవాళ్ళు. ఒక పక్క దానియేలు రెండో అధ్యాయపు ప్రతిమ: బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్ళు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. మధ్యలో యుగాలు వరుసగా గుండ్రాలు. చివర ఆకాశంలోకి ఎగిసే తెల్ల బట్టల మనుషులు. బోధకుడు పొడవాటి కర్రతో చూపిస్తుంటే పిల్లలు నిద్ర ఆపుకుని చూసేవాళ్ళు. ఈ తరహా పటాలకు పెద్ద ప్రచారమిచ్చింది క్లారెన్స్ లార్కిన్ అనే అమెరికన్, 1918లో. పాస్టర్ కాకముందు ఆయన యంత్రాల నమూనాలు గీసే ఇంజినీరు.

ఇప్పుడు గుడ్డ పటం పోయి తెర వచ్చింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు పోరాడినప్పుడు, యెహెజ్కేలు జాబితాలో పారసీక దేశం ఉంది కదా అని ఫోన్ల నిండా వీడియోలు. "అయ్యగారూ, ఇదేనంటారా?" అన్న ప్రశ్న ఎన్నో ఇళ్ళలో వినిపించింది. ఆ ఇళ్ళలో కొందరి బిడ్డలు ఇజ్రాయెల్‌లోనే ఉన్నారు. మన జిల్లాల నుంచి వెళ్ళిన ఆడవాళ్ళు అక్కడి వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నారు, తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళు కట్టడాల పనిలో ఉన్నారు. సైరన్ మోగితే ఆశ్రయ గదికి పరుగెత్తే బిడ్డ తల్లికి అది ప్రవచన నెరవేర్పా కాదా అన్నదానికన్నా, బిడ్డ ఫోనెత్తిందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న.

రాకడ బోధ మన పల్లెల్లో ఎందుకు నాటుకుందో కూడా చెప్పుకోవాలి. భూమి లేనివాళ్ళు, ఊరి బయటికి నెట్టివేయబడినవాళ్ళు, కోర్టుల్లో న్యాయం కొనుక్కోలేనివాళ్ళు ఈ మాటను గుండెకు హత్తుకున్నారు. కన్నీళ్ళు తుడిచే రోజొకటుందని, పెద్దవాళ్ళ పెత్తనం శాశ్వతం కాదని చెప్పే గ్రంథం వాళ్ళకు మరొకటి దొరకలేదు. ప్రకటన గ్రంథం పుట్టింది కూడా అలాంటివాళ్ళ కోసమే. మొదటి శతాబ్దపు చివర్లో, నేటి టర్కీలోని ఎఫెసు, స్ముర్న వంటి ఏడు పట్టణాల చిన్న సంఘాలకు, పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను రాశాడు. చక్రవర్తిని పూజించకపోతే ప్రాణం పోయే రోజులవి. ఏడు కొండల మీది బబులోను ఏదో వాళ్ళకు ఎవరూ పటం గీసి చూపక్కర్లేదు, అది రోము. మృగం అంకె నీరో కైసరు పేరుకు సరిపోతుందని చాలామంది పండితులు భావిస్తారు. సామ్రాజ్యం కింద నలిగేవాళ్ళు ఓర్చుకోవడానికి రాసిన గ్రంథమది. దాన్ని ఈనాటి సామ్రాజ్యాలు యుద్ధ వ్యూహంగా చదువుకోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

ఆ బాధ బేత్లెహేము క్రైస్తవుడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అక్కడి క్రైస్తవులు అరబిక్‌లో ప్రార్థిస్తారు, మొదటి శతాబ్దం నుంచి అక్కడున్న సంఘానికి వారసులు. ప్రవచన పటాల్లో మాత్రం వాళ్ళకు చోటే లేదు. 2006లో యెరూషలేములోని లాటిన్ పేట్రియార్క్ మిషెల్ సబ్బా, సిరియన్ ఆర్థడాక్స్, ఎపిస్కోపల్, లూథరన్ సంఘాల పెద్దలు కలిసి, ఇజ్రాయెల్ రాజ్యాన్ని ప్రవచన నెరవేర్పుగా చూసి సమర్థించే క్రైస్తవ జియోనిజం తప్పుడు బోధ అని ప్రకటించారు. 2009లో పాలస్తీనా క్రైస్తవులు కైరోస్ అనే పత్రం ద్వారా తమకు అండగా నిలవమని ప్రపంచ సంఘాలను వేడుకున్నారు. 2023 డిసెంబరులో బేత్లెహేము లూథరన్ పాస్టర్ మున్తర్ ఐజాక్ తన చర్చిలో పశువుల తొట్టి పెట్టలేదు. కూలిన ఇంటి కాంక్రీటు ముక్కలు పోగేసి, వాటి మధ్య పాలస్తీనా గళ్ళ కండువా చుట్టిన పసిబాలుడి బొమ్మను పడుకోబెట్టాడు. అంతకు రెండు నెలల ముందు గాజాలోని ప్రాచీన సెయింట్ పొర్ఫిరియస్ చర్చి ఆవరణలో బాంబు పడి, ఆశ్రయం కోసం వచ్చినవాళ్ళలో పదిహేను మందికి పైగా చనిపోయారు. 2025 జులైలో అక్కడి ఒకే ఒక్క కేథలిక్ చర్చి, పవిత్ర కుటుంబ ఆలయం, దాడికి గురై మరో ముగ్గురు పోయారు.

మన రాష్ట్రాల నుంచి ఏటా పరిశుద్ధ దేశ యాత్రకు బస్సులకు సరిపడా విశ్వాసులు వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే కొంత సాయం చేసింది. యొర్దాను నీళ్ళు, ఒలీవ నూనె తెచ్చుకుంటారు. బేత్లెహేములో బస్సు ఆగేది పుట్టిన చోటును చూసి, ఫోటోలు దిగి, ఒలీవ చెక్క బొమ్మలు కొనుక్కునేంతసేపే. యాత్రలు నడిపించే పాస్టర్లకు నాదొక విన్నపం. ఈసారి ప్రయాణ పట్టికలో ఒక ఆదివారం ఉదయం బేత్లెహేములో ఉండేలా చూసుకోండి. అక్కడి సంఘంతో కలిసి ఆరాధనలో కూర్చోండి. ఆరాధన అయ్యాక వాళ్ళు మాట్లాడితే వినండి. తిరిగొచ్చాక మన మందిరంలో అంత్యదినాల మీద ప్రసంగించేటప్పుడు, సైరన్ల నడుమ బతుకుతున్న యూదు కుటుంబాల కోసం ప్రార్థించినట్టే ఆ సంఘం పేరు కూడా చెప్పి ప్రార్థించండి.